నీలం త్రికోణం తేనెటీగల కోసం కాదండీ

మీ తేనెటీగలు చచ్చిపోవడానికి కారణం దాదాపుగా ఆ థయామెథాక్సామ్ అనే పురుగుమందే. డబ్బా మీద నీలం త్రికోణం ఉంది కాబట్టి ప్రమాదం లేదని పక్క చేనాయన అన్నారని, పత్తికి కొట్టిన మర్నాడే మీ పెట్టెల ముందు ఈగలు రాలిపోయాయని రాశారు కదా. ఆ రంగు మనుషులకు, పశువులకు ఎంత విషమో చెబుతుంది, అంతే. ఎలుకల మీద పరీక్షించి ఇస్తారు. తేనెటీగ లెక్క అందులో లేదు. దానికి ఈ మందు కడుపులోకి మిల్లీగ్రాములో లక్షో వంతు కన్నా తక్కువ పోయినా చాలు. యూరోపియన్ యూనియన్ దేశాల్లో ఆరుబయట పొలాల్లో దీన్ని 2018లోనే నిషేధించారు.

ఇప్పుడు చేయాల్సింది:

1. డబ్బాతో వచ్చే కరపత్రం చదవండి. అందరూ పారేసేది ఇదే! చట్టప్రకారం ప్రతి ప్యాకింగ్‌లో ఉండాలి. ఏ పంటకు, ఏ పురుగుకు, ఎంత మోతాదు, తేనెటీగలు, చేపల విషయంలో జాగ్రత్తలు అన్నీ అందులోనే ఉంటాయి.

2. పూత మీద కొట్టొద్దని ఆయన్ని అడగండి. సాయంత్రం కొడితే చాలంటారు గానీ, ఇది మొక్క పీల్చుకునే మందు. మకరందంలోకీ చేరుతుంది.

3. తప్పదంటే ముందురోజు చెప్పమనండి. చీకటి పడ్డాక పెట్టెలు దూరంగా మార్చేయొచ్చు.

4. కరపత్రంలో లేని పంటకు అమ్మారా, డబ్బా మీద అనుమానమా? బిల్లుతో మండల వ్యవసాయాధికారిని కలవండి. గుంటూరు చుట్టుపక్కలైతే పురుగుల సంగతికి లాం వ్యవసాయ పరిశోధన కేంద్రంలో అడగొచ్చు.