గ్రానైట్‌ను చూసి సముద్రం మూసుకుపోయిందని ఎలా చెబుతారు?

లేహ్ నుంచి ఖర్దుంగ్ లా ఎక్కే దారిలో కనిపించే గ్రానైట్‌ను బట్టి, ఒకప్పుడు భారత్‌కూ ఆసియాకూ మధ్య ఉన్న టెథిస్ సముద్రపు పలక ఆసియా కిందికి దూరిందని ఎలా చెబుతారని అడిగారు. చదువుకునే రోజుల్లో లద్దాఖ్ రాళ్ల మీదే పనిచేశాను కాబట్టి చెబుతాను.

ఉత్త గ్రానైట్ అంటే ఏమీ తేలదు. హైదరాబాద్ గుట్టలూ గ్రానైటే, వాటి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. చూడాల్సింది రసాయన కూర్పు. కిందికి దిగే పలక వేడెక్కి నీళ్లు వదులుతుంది. ఆ నీళ్లు తగిలితే పైనున్న మాంటిల్ (భూమి పైపొర కింద ఉండే రాతి పొర) తక్కువ వేడికే కరుగుతుంది. బేరియం, రుబిడియం లాంటివి నీళ్లతో పైకి వచ్చేస్తాయి. నియోబియం, టాంటలం రూటైల్ లాంటి ఖనిజాల్లో చిక్కుకుని కిందే ఉండిపోతాయి. అందుకే రాతిలో ఏ మూలకం ఎంత ఉందో గ్రాఫ్ గీస్తే నియోబియం దగ్గర గీత గోతిలో పడినట్టు దిగిపోతుంది.

అయితే పాత ఖండపు రాయి కరిగి పుట్టిన గ్రానైట్‌లోనూ ఈ గొయ్యి రావచ్చు. దాన్ని చూడగానే సబ్‌డక్షన్ (ఒక పలక ఇంకోదాని కిందికి దూరడం) అని రాసేయడం నాకు నచ్చదు. లద్దాఖ్‌లో వేరే ఆధారాలూ ఉన్నాయి: రాతిలో నీటిని ఇముడ్చుకున్న హార్న్‌బ్లెండ్ అనే ఖనిజం, మధ్యమధ్య మాంటిల్ నుంచి వచ్చిన శిలాద్రవానికి గుర్తుగా నల్లటి ముద్దలు, దక్షిణాన నిడార్ దగ్గర సాక్షాత్తూ సముద్రపు అడుగు రాళ్లు.

రాతి వయసు తేల్చడానికి జిర్కాన్ అనే ఖనిజపు చిన్న గింజలు కావాలి. రాయిని పొడి చేసి, జల్లించి, బరువైన ద్రవంలో వేసి, అయస్కాంతానికి అంటుకునేవి తీసేశాక, మిగిలిన గింజల్ని మైక్రోస్కోప్ కింద సూదిమొనతో ఒక్కొక్కటే ఏరాలి. మెడ పట్టేస్తుంది, అయినా నాకు ఎంతో ఇష్టమైన పని అదే. జిర్కాన్ పుట్టేటప్పుడు యురేనియాన్ని రానిస్తుంది, సీసాన్ని దాదాపుగా రానివ్వదు. కాబట్టి ఇప్పుడు అందులో ఉన్న సీసం యురేనియం కాలక్రమంలో సీసంగా మారగా వచ్చిందే. రెండింటి నిష్పత్తి వయసు చెబుతుంది. గింజను సగానికి అరగదీసి చూస్తే పొరలు కనిపిస్తాయి. నడిమి భాగం పాత రాయి నుంచి వచ్చింది కావచ్చు, అందుకని కొలవడానికి లేజర్ ఎక్కడ పెడుతున్నామన్నది చాలా ముఖ్యం.

లద్దాఖ్ గ్రానైట్లలో ఎక్కువ భాగం సుమారు 7 కోట్ల నుంచి 4.5 కోట్ల ఏళ్ల కిందటివి. ఆ తర్వాత ఈ తరహా శిలాద్రవం ఆగిపోయింది. అటు లద్దాఖ్‌లోని త్సో మోరిరి సరస్సు దగ్గర, భారత ఖండపు అంచు సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట 90 కిలోమీటర్లకు పైగా లోతుకు దిగి తిరిగి వచ్చిన రాళ్లున్నాయి. వాటిలో కోయసైట్ అనే ఖనిజం దొరికింది, అంత ఒత్తిడి లేనిదే అది ఏర్పడదు. అంటే అప్పటికే సముద్రపు పలక అయిపోయి, వెనకాలే ఖండం లోపలికి దూరింది. ఖండాలు మొదట తాకింది 5 కోట్ల ఏళ్ల కిందటా, 6 కోట్ల ఏళ్ల కిందటా అన్న వాదన మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది.