విల్లు పెట్టెలో పడెయ్, అల్లుడూ

ఒరేయ్ అల్లుడూ,

భీమవరం హాస్టల్లో స్కైరిమ్ వీడియో గేమ్ మళ్ళీ మొదలెట్టావట. గొడ్డలి వీరుడిగా ఆడదామని దిగి, పదో లెవెల్‌కల్లా మళ్ళీ నక్కి బాణాలేస్తున్నావట. అది నీ బలహీనత అనుకోకు, ఆటలో లెక్కే అటు లాగుతుంది.

కనబడకుండా వేసిన బాణానికి ఊరికే రెండింతల దెబ్బ. నక్కే విద్య స్నీక్ 40కి వచ్చాక డెడ్లీ ఎయిమ్ పెర్క్ (లెవెల్ పెరిగినప్పుడు ఎంచుకునే అదనపు శక్తి) తీసుకుంటే మూడింతలు. విలువిద్య పెర్క్ ఓవర్‌డ్రా అయిదు మెట్లూ ఎక్కితే విల్లు దెబ్బే రెట్టింపు. ఇక గొడ్డలి ఎవడు పడతాడు?

డిఫికల్టీ పెంచితే ఈ అలవాటు పోతుందనుకుంటారు చాలామంది. పోదు సరికదా ముదురుతుంది. అన్నిటికన్నా కష్టమైన లెజెండరీ డిఫికల్టీలో నీ దెబ్బ పావు వంతే పనిచేస్తుంది, నీకు తగిలేది మూడింతలు. అక్కడ ఎదురుగా నిలబడ్డవాడు చస్తాడు, నక్కినవాడికే గిట్టుబాటు. సిగ్గుపడకుండా మామూలు మెట్టు అడెప్ట్‌కి దించు.

అసలు చిక్కు ఇంకోటుంది. ఆర్చరీ (విలువిద్య), స్నీక్ పెరిగినా నీ లెవెల్ పెరుగుతుంది, దానికి తగ్గ శత్రువులొస్తారు. గొడ్డలి విద్య టూ-హ్యాండెడ్ మాత్రం 20 దగ్గరే ఉంటుంది. ఎగువ చేలు కాలవంతా తాగేస్తే శివారు చేను ఎండినట్టన్నమాట. అప్పుడు గొడ్డలి తీస్తే రెండు దెబ్బలకి చచ్చి, మళ్ళీ విల్లే తీస్తావు.

కాబట్టి విల్లూ బాణాలూ ఇంట్లో పెట్టెలో పడెయ్, చప్పున తీసుకునే ఫేవరెట్స్ జాబితాలోంచి కూడా తీసెయ్. డ్రాగన్ వస్తే రాతి చాటున ఆగు, ఎలాగూ దిగుతుంది. రివర్‌వుడ్ ఊరి దగ్గర వారియర్ స్టోన్ అనే రాయి ముట్టుకుంటే యుద్ధ విద్యలు 20 శాతం త్వరగా వస్తాయి. ప్రతి లెవెల్‌కీ అయిదుసార్లు డబ్బిచ్చి నేర్చుకోవచ్చు, ఆ అయిదూ గొడ్డలికే ఖర్చుపెట్టు. వచ్చే అయిదు లెవెల్స్ హెల్త్‌కే కేటాయించు, మొత్తం 50 పెరుగుతుంది. తోలు కవచం తీసి హెవీ ఆర్మర్ తొడుగు. మొదట్లో బందిపోట్ల స్థావరాలు చాలు, డ్రాగర్ అనే నడిచే శవాలుండే సమాధుల్లోకి దూరకు.

ఊరికే గొడ్డలి ఊపితే లాభం లేదు. అవతలివాడు పవర్ అటాక్‌కి (బలమైన దెబ్బకి) చెయ్యెత్తగానే బ్లాక్ పట్టి, అంటే ఆయుధం అడ్డుపెట్టి, దాంతోనే బాష్ కొట్టు, తూలిపోతాడు. అప్పుడు వెయ్యి నీ పెద్ద దెబ్బ. టైమింగ్ కుదరకపోతే బ్లాక్ విద్య 30కి వచ్చాక క్విక్ రిఫ్లెక్సెస్ పెర్క్ తీసుకో, పవర్ అటాక్ వచ్చేటప్పుడు బ్లాక్‌లో ఉంటే కాలం నెమ్మదిస్తుంది. ఆడేవాళ్ళలో చాలామంది బాష్ జోలికే పోరు, అదేం ఖర్మో!

పాత సేవ్‌లో ఆర్చరీ 100 అయ్యుంటే దాన్ని లెజెండరీ చెయ్యి (ఇది డిఫికల్టీ కాదు, విద్యని మళ్ళీ మొదటికి తెచ్చే సదుపాయం). 15కి పడి, ఆ పెర్కులన్నీ చేతికి తిరిగొస్తాయి. నీ లెవెల్ మాత్రం తగ్గదు, శత్రువులు అలాగే ఉంటారు. అందుకే టూ-హ్యాండెడ్ కాస్త పెరిగాకే ఆ పని పెట్టుకో.

ఎల్డెన్ రింగ్ అనే ఇంకో ఆటలో ఈ తంటా లేదు. రెన్నాలా అనే పెద్ద శత్రువుని ఓడించాక, లార్వల్ టియర్ అనే వస్తువు ఒక్కోటి ఖర్చుపెట్టి పాయింట్లన్నీ మళ్ళీ పంచుకోవచ్చు. ఆ ఆట మిగతా సంగతులు నువ్వు అక్కడిదాకా వచ్చాక రాస్తాను.

మీ మావయ్య