‘సూపర్’ అంటారు.. మూడో లెవెల్ దగ్గరే ఆపేస్తారు!

సందేహం: గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ యూనిటీలో చిన్న పజిల్ గేమ్ చేశాను. ఆడిన ఫ్రెండ్స్ అందరూ ‘సూపర్’ అంటున్నారు కానీ మూడో లెవెల్ దాటడం లేదు. కొందరు హింట్ బటన్ పెట్టమంటున్నారు. పెట్టేయాలా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: అప్పుడే వద్దు. ఎక్కడ ఇబ్బంది పడ్డారో టెస్టర్లు (గేమ్‌ను ఆడి చూసేవాళ్లు) చెబితే నమ్మండి. దానికి మందు మాత్రం మీరే వెతకాలి.

వాల్వ్ సంస్థ 2007లో తెచ్చిన పజిల్ గేమ్ ‘పోర్టల్’నే చూడండి. అందులో ఒక లెవెల్ మొత్తం ఒకే పెట్టెను వెంట మోసుకెళ్లాలి. టెస్టర్లేమో దాన్ని దారిలో వదిలేసి, ముందుకెళ్లి ఇరుక్కుపోయేవారు. దాంతో పెట్టె మీద గుండె బొమ్మలు వేశారు, అది మీకు తోడన్నట్టు డైలాగులు రాశారు. ఇక ఎవరూ వదల్లేదు. లెవెల్ చివర దాన్ని మంటల్లో పడేయించి, ఆఖరి పోరాటానికి కావాల్సిన కిటుకునూ అక్కడే నేర్పేశారు. ఆ గేమ్ పేరెత్తితే అందరికీ గుర్తొచ్చే వస్తువు అలా పుట్టింది. గుండె బొమ్మలు వేయమని ఏ టెస్టరు అడుగుతాడు చెప్పండి!

మీ గేమ్ ఇంతవరకూ చూడని ఐదుగురిని పట్టుకోండి. ఆడేసినవాళ్లకు జవాబులు తెలిసిపోయాయి కాబట్టి ఈ పనికి పనికిరారు. ఆండ్రాయిడ్ 11, ఆపై ఫోన్లలో క్విక్ సెట్టింగ్స్‌లోని స్క్రీన్ రికార్డ్ నొక్కి, ‘షో టచెస్’ ఆన్ చేసి ఫోన్ చేతికివ్వండి. వేలు ఎక్కడ పడిందీ వీడియోలో చుక్కలా కనిపిస్తుంది. మీరు నోరు మెదపొద్దు. ‘అక్కడ నొక్కు’ అన్నారంటే ఆ టెస్టు లెక్కలోకి రాదు. ముగ్గురు ఉత్త తలుపు బొమ్మనే నొక్కుతుంటే అది బటన్‌లా కనిపిస్తోందన్నమాట, రంగు తగ్గించండి. తర్వాత ‘బాగుందా?’ అని అడక్కండి, మొహమాటానికి బాగుందనే అంటారు. ‘ఇక్కడ ఏం చేయబోయావ్?’ అనండి. ఒక్కో బిల్డ్‌లో (టెస్టుకిచ్చే ఒక్కో వెర్షన్‌లో) ఒక్క మార్పే చేయండి, లేకపోతే ఏది పనిచేసిందో తేలదు.

క్రాష్ అయితే ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, బిల్డ్ నంబరు, అంతకుముందు ఏం నొక్కారో రాసుకోండి.

ఇక ప్లే స్టోర్ సంగతి. 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత డెవలపర్ ఖాతా అయితే గేమ్‌ను అందరికీ విడుదల చేసేముందు క్లోజ్డ్ టెస్టులో (మీరు ఎంచుకున్నవాళ్లే ఆడే టెస్టు) కనీసం 12 మంది వరసగా 14 రోజులు ఉండాలి. మధ్యలో ఎవరైనా తప్పుకుంటే లెక్క తగ్గుతుంది కాబట్టి నలుగురైదుగురిని అదనంగా చేర్చుకోండి. ప్రొడక్షన్‌కు, అంటే అందరికీ విడుదల చేయడానికి, దరఖాస్తు చేసేటప్పుడు టెస్టర్లు ఏం చెప్పారో, మీరేం మార్చారో అడుగుతారు. నోట్స్ దాచుకోండి.