దసరాకి ఢిల్లీ వెళ్దామనుకుంటున్నాం, చీటీ పాడమంటారా?

ప్రశ్న: మాది విజయనగరం. మావారు పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో చేస్తారు. చేతికి 42,000 వస్తుంది. నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను, నెలకు ఎనిమిది, తొమ్మిది వేలు వస్తాయి. ఖర్చులు, చీటీ పోను ఎనిమిది వేల దాకా మిగలాలి గానీ ఏనాడూ మిగిలింది లేదు. పాపకు 11 ఏళ్ళు, బాబుకు 7. అత్తగారు మాతోనే ఉంటారు. వచ్చే దసరా సెలవుల్లో ఐదుగురం ఢిల్లీ వెళ్దామని పిల్లలకు మాటిచ్చేశాం. లక్ష రూపాయల చీటీ ఉంది, 20 నెలలది, ఇప్పుడు 8వ నెల. అది పాడేద్దామంటారు మావారు. లోను తీసుకుని ఈఎంఐలో కట్టుకోవచ్చు కదా అంటారు ఆయన స్నేహితుడు. ఏజెంటు ప్యాకేజీ 1,10,000 చెప్పాడు. బ్యాంకులో 35,000 ఉంది. బంగారం మీద 60,000 అప్పుంది, జూలైలో గడువు. ఏం చేయమంటారు?

జవాబు: చీటీ పాడకండమ్మా. ఎందుకో లెక్కతోనే చెప్తాను, మీవారికి చూపించండి.

ఎనిమిదో నెలలో పాటంటే పోటీ ఉంటుంది. 18,000 వదులుకుని పాడారనుకుందాం, చేతికి 82,000 వస్తుంది. అదే 17వ నెల దాకా ఆగితే అవసరం ఉన్నవాళ్ళంతా అప్పటికే ఎత్తేసి ఉంటారు కాబట్టి పాట 3,000కి దిగిపోవచ్చు. తేడా 15,000. తొమ్మిది నెలల ముందు 82,000 చేతిలో పడినందుకు మీరు కట్టే వడ్డీ అది. నూటికి నెలకు రెండు రూపాయలు పైనే పడుతుంది. బజారులో ఎవరైనా రెండు రూపాయల వడ్డీకి అప్పిస్తానంటే టూరు కోసం తీసుకుంటారా? చీటీ మన డబ్బే కదా అనిపిస్తుంది గనుక ఆ వడ్డీ కంటికి కనబడదు, అంతే. పైగా ఇంకో ఏడాది నెలనెలా 5,000 కడుతూనే ఉండాలి.

స్నేహితుడు చెప్పిన ఈఎంఐ ఇంతకంటే చవకే, ఆశ్చర్యంగా ఉన్నా. 60,000 పర్సనల్ లోను 16 శాతానికి ఏడాదికి తీసుకుంటే నెలకు 5,440 చొప్పున కట్టాలి, వడ్డీ 5,300 పైచిలుకు, ప్రాసెసింగ్ ఫీజు అదనం. చవకైనంత మాత్రాన తీసుకోమనడం లేదు. టూరు అయిపోయాక వచ్చే ఎండాకాలం దాకా దాని కిస్తీ కడుతూ కూర్చోవడం మీ ఇంటి బడ్జెట్‌కు సరిపడదు.

ప్యాకేజీ కాగితం పంపారు, చూశాను. ఐదు రోజుల్లో ఢిల్లీ, ఆగ్రా, మథుర, హరిద్వార్! పిల్లలు చూసేది కారు సీటు వెనకభాగం. మనిషికి 22,000 అయింది. వద్దు.

ఇక ఎంత అవుతుందో చూద్దాం. నేను వేస్తున్నవి అంచనాలే, నాలుగు వందలు అటూ ఇటూ అవుతాయి. మూడో ఏసీలో మనిషికి ఒకవైపు 2,300 అనుకుంటే ఐదుగురికి రానూపోనూ 23,000. రెండు గదులు కలిపి రోజుకు 3,000 చొప్పున నాలుగు రాత్రులకు 12,000. తిండి, రైల్లో తినేదాంతో కలిపి 10,000. ఢిల్లీలో మెట్రో, ఆటోలు 3,500. చూసే చోట్ల టికెట్లకు 1,000 చాలు. స్టేషన్లకు వెళ్ళిరావడం, కూలీ 1,500. పిల్లలకు, చుట్టాలకు కొనేవి 6,000. మొత్తం 57,000. అనుకోని ఖర్చుకు ఇంకో 6,000 కావాలి. దాన్ని విడిగా కూడబెట్టక్కర్లేదు, ఆ 35,000 దానికి అండగా ఉంటుంది. అంతకు మించి ఆ డబ్బు జోలికి వెళ్ళొద్దు, ఇంట్లో పెద్దావిడ ఉన్నారు.

విమానం మాటెత్తలేదు మీరు, మంచిది. రెండేళ్ళు దాటిన పిల్లలకు విమానంలో దాదాపు పెద్దవాళ్ళ టికెట్టే, పండగ సెలవుల్లో ఆ ధర ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పలేరు.

రైల్లో పిల్లల టికెట్ దగ్గర చాలామంది తడబడతారు. ఐదు నిండి పన్నెండు నిండని పిల్లలకు హాఫ్ టికెట్ ఉంది, కానీ దానికి బెర్త్ ఇవ్వరు. బెర్త్ కావాలంటే పూర్తి చార్జీ. 2016 నుంచి ఇదే పద్ధతి. వయసు లెక్క ప్రయాణం రోజుది, కాబట్టి పాప పుట్టినరోజు ఈలోగా వస్తే ఆమెకు హాఫ్ టికెట్టే ఉండదు. ఇద్దరికీ హాఫ్ తీసుకుంటే రానూపోనూ 4,600 మిగులుతుంది. అప్పుడు మూడు బెర్తుల మీద ఐదుగురు పడుకోవాలి. సమతా ఎక్స్‌ప్రెస్ విజయనగరంలోనే ఎక్కొచ్చు, బొబ్బిలి, పార్వతీపురం, రాయగడ మీదుగా నిజాముద్దీన్ చేరడానికి దాదాపు ఒకటిన్నర రోజు. అంతసేపు అరవై దాటిన అత్తగారిని ఇరుకున పెట్టి 4,600 మిగల్చడం నాకు నచ్చదు. మహా అయితే బాబు ఒక్కడికి హాఫ్ తీసుకుని మీ పక్కన పడుకోబెట్టుకోండి, 2,300 మిగులుతుంది. అత్తగారికి వయసు రాయితీ 2020 మార్చిలో ఆపేశారు, తిరిగి రాలేదు. కింది బెర్త్ మాత్రం 45 దాటిన ఆడవాళ్ళకు ముందు ఇస్తారు, ఖాళీ ఉంటే. ఫారంలో వయసు సరిగ్గా వేయండి.

అసలు చిక్కు ఇక్కడుంది. ఖర్చు అక్టోబరులో కదా, అప్పటికి చూసుకుందాం అని మీవారు అనుకుంటున్నట్టున్నారు. రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుస్తారు, అంతకుముందు 120 రోజులు ఉండేది, 2024 నవంబరులో తగ్గించారు. అంటే 23,000 ఆగస్టులోనే చేతిలో ఉండాలి. సెలవుల రద్దీలో పది రోజులు ఆలస్యమైతే వెయిటింగ్ లిస్టే. తర్వాత తత్కాల్ అంటారు, ఐదుగురికి తత్కాల్ దొరకడం సంగతి దేవుడెరుగు. కాబట్టి అక్టోబరు దాకా సాగే ఎనిమిది నెలల ఆర్‌డీ (బ్యాంకులో నెలనెలా ఒకే మొత్తం కట్టే డిపాజిట్) కాకుండా, ఈ ఫిబ్రవరిలో మొదలెట్టి ఆరు నెలల ఆర్‌డీ వేయండి, నెలకు 7,000. ఆరు శాతం వడ్డీ అనుకుంటే ఆగస్టుకు 42,700 చేతికొస్తుంది. అందులో 23,000 రైలుకు. మిగిలినది పొదుపు ఖాతాలో పెట్టి ఆగస్టు, సెప్టెంబరుల్లో మళ్ళీ ఏడేసి వేలు కలపండి. 56,700 అవుతుంది, మన అంచనాకు సరిపోయినట్టే. పోస్టాఫీసు ఆర్‌డీ ఇందుకు పనికిరాదు, అది ఐదేళ్ళది, మూడేళ్ళు దాటితేగాని మధ్యలో మూయనివ్వరు. మ్యూచువల్ ఫండ్లో వేద్దామనే ఆలోచన ఉంటే అది కూడా మానండి, మీ ప్రయాణం సంగతి మార్కెట్‌కు పట్టదు, ఆగస్టులో ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేరు.

"ఏనాడూ మిగిలింది లేదు" అన్నారు చూడండి, ఆర్‌డీ దానికే. నెలాఖరున మిగిలింది వేద్దామనుకుంటే నిలవదు. నెల మొదట్లోనే ఖాతాలోంచి అదే కోసుకుంటే మిగతాదాంతో సర్దుకోవడం అలవాటవుతుంది. జూన్ మాత్రం గట్టిగా తగులుతుంది, ఫీజులు, పుస్తకాలు, యూనిఫారాలు. ఆ వెనకే జూలైలో బంగారం గడువు. 9 శాతం వడ్డీ అయితే ఏడాదికి 5,400 కట్టి తిరగరాయించుకోవాలి, అది కట్టకుండా ఢిల్లీ టికెట్ కొనొద్దు. దానికి డబ్బు మీ మిషనులోంచే రావాలి. మాఘం నుంచి వైశాఖం దాకా పెళ్ళిళ్ళ బ్లౌజులు మామూలుకంటే ఎక్కువ వస్తాయి కదా, ఆ అదనపు డబ్బు ఇంటి ఖర్చులో కలపకుండా డబ్బాలో విడిగా వేయండి.

మిషను సంగతి వచ్చింది కాబట్టి మీరు లెక్కలో వేయని ఖర్చు ఒకటి చెప్తాను. దసరా ముందు వారం మీకు గిరాకీ వారం. మీరు ఢిల్లీలో ఉంటే ఆ బ్లౌజులు పక్కవీధికి పోతాయి, ఐదారు వేలు పోయినట్టే. పండగయ్యాక వెళ్దామంటే ఆ తర్వాతి మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం, అత్తగారు ఊరు కదలరు, పిల్లల సెలవులూ అయిపోతాయి. సంక్రాంతికి మారుద్దామా అంటే అప్పుడు ఢిల్లీలో మంచు, చలి, రైళ్ళు గంటలకొద్దీ ఆలస్యం. మేలో అక్కడి ఎండ మన ఉక్కపోతను మరిపిస్తుంది. సెలవులు మొదలైన మర్నాడే బయల్దేరి పండగకు రెండు రోజుల ముందు ఇంటికి చేరడం మేలు. సెప్టెంబరు రెండో వారం నుంచే "ఈసారి ముందే ఇవ్వండి" అని ఖాతాదార్లకు చెప్పేయండి. హుక్కులు, చేతికుట్టు పని తెలిసినవాళ్ళకు ఇచ్చి మీరు కటింగు, మిషను పని మీద ఉంటే సగం నష్టం పూడుతుంది. మిగతా సగం టూరు ఖర్చే అనుకోండి.

ఢిల్లీలో సోమవారం మధ్యలో పడకుండా చూసుకోండి. ఎర్రకోట, అక్షరధామ్, లోటస్ టెంపుల్, రైలు మ్యూజియం అన్నీ సోమవారం మూత. మీకు అక్కడ ఒక రోజు ఖరీదు గది, తిండి, తిరుగుడు కలిపి 5,000 పైనే. తప్పకపోతే ఆ రోజు కుతుబ్ మినార్, హుమాయూన్ సమాధి, ఇండియా గేట్ దగ్గరి యుద్ధ స్మారకం పెట్టుకోండి. ఎర్రకోట, కుతుబ్ లాంటి చోట్ల పదిహేనేళ్ళలోపు పిల్లలకు టికెట్ లేదు, అందుకే 1,000 చాలన్నాను. బాబుకు రైలు మ్యూజియం తప్పకుండా చూపించండి, అక్షరధామ్ కంటే అదే గుర్తుంటుంది వాడికి. గది మెట్రో స్టేషనుకు నడిచే దూరంలో తీసుకోండి, కరోల్ బాగ్ వైపు చూడండి. మెట్రోలో ఎంత దూరమైనా 64 రూపాయలు దాటదు, ఎయిర్‌పోర్టు లైను తప్ప. మూడడుగులు మించిన పిల్లలకు పూర్తి టికెట్టే. అన్నం మీద బెంగ పుడితే అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్ ఉంది. ఆగ్రా వెళ్ళాలంటే ఒక రోజు, కారుకు ఏడెనిమిది వేలు అదనం, శుక్రవారం తాజ్ మూత. ఈసారికి వదిలేయమంటాను.

చాందినీ చౌక్‌లో కినారీ బజార్ అని ఒక సందు ఉంది, జరీ అంచులు, లేసులు, పూసల బార్డర్లు. మీరు అక్కడ ఆగకుండా రాలేరని తెలుసు. దానికి ఒక నాలుగు వేలు మీ కుట్టుపని డబ్బులోంచి తీసి వేరే పర్సులో పెట్టుకోండి. అది సరుకు, టూరు ఖర్చు కాదు, వచ్చాక కుట్టే బ్లౌజుల మీదే తిరిగొచ్చేస్తుంది.

టూరు టికెట్లు పెట్టి పన్ను తగ్గించుకోవచ్చని కంపెనీలో ఎవరో అన్నారట. మీవారి జీతానికి కొత్త విధానంలో అసలు పన్నే పడదు, ఆ బిల్లుల గొడవ వదిలేయండి.

చీటీ పెట్టేవారిది రిజిస్టర్ అయిన చీటీయేనా, ఒకసారి కనుక్కోండి. కాకపోతే 17వ నెల దాకా ఆగమన్న నా సలహా మార్చుకోవాలి, మళ్ళీ రాయండి.

ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ ధ్రువీకరణ ఈ నెలలోనే చేయించండి. బుకింగ్ ఉదయం 8 గంటలకు తెరుస్తారు, ఆ మొదటి రోజు ఆన్‌లైన్ బుకింగ్ ఆధార్ ధ్రువీకరణ ఉన్న ఖాతాలకే. సమతా రోజూ ఉండదు, మీ తేదీకి ఉందో లేదో ముందే చూసుకోండి. లేకపోతే విశాఖ వెళ్ళి ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి. తిరుగు టికెట్ అదే రోజు దొరకదు, దాని తేదీకి 60 రోజుల లెక్కన ఐదారు రోజుల తర్వాత తెరుచుకుంటుంది, క్యాలెండరు మీద రెండు తేదీలూ గుర్తు పెట్టుకోండి. ఆర్‌డీ కిస్తీ మీవారి జీతం పడిన మర్నాటికి పెట్టించండి.