విరాళాల సేకరణ: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాది పిల్లల చదువు కోసం పనిచేసే చిన్న సంస్థ. కిందటేడాది 200 మంది తొలిసారి విరాళం ఇచ్చారు. ఈ ఏడాది వాళ్లలో 46 మందే మళ్లీ ఇచ్చారు. కొత్తవాళ్లను ఇంకా ఎక్కువగా వెతకడమే దారా?

జవాబు: కాదు. ముందు ఆ 154 మంది ఎందుకు ఆగిపోయారో చూడండి. 200లో 46 అంటే 23 శాతం. తొలిసారి ఇచ్చినవాళ్లలో ఎక్కువమంది మళ్లీ ఇవ్వకపోవడం చాలా సంస్థలకు ఎదురయ్యేదే, మీ ఒక్కరి లోపం కాదు. అయితే కొత్త దాతను సంపాదించడానికి అయ్యే ఖర్చు చాలాసార్లు అతని మొదటి విరాళానికి సమానంగానో, అంతకు మించో ఉంటుంది. సంస్థకు నిజంగా మిగిలేది రెండోసారి, మూడోసారి ఇచ్చినప్పుడే. ఈ 23 శాతం 40 శాతమైతే మీతో 80 మంది ఉంటారు. ఆ అదనపు 34 మంది కోసం కొత్తగా ప్రచారం చేయాల్సిన పని లేదు.

దాతలు జారిపోవడానికి మామూలు కారణం ఇది: డబ్బు పంపగానే రసీదు వస్తుంది, ఆ తర్వాత వచ్చే ఉత్తరం మళ్లీ డబ్బు అడిగేదే. మధ్యలో ఏ కబురూ ఉండదు. రసీదు లెక్కల కోసం, కృతజ్ఞత మనిషి కోసం. ఆ రెండింటినీ ఒకే కాగితంలో కలపకండి. విరాళం అందిన 48 గంటల్లోపు, మీ సంస్థలో ఒకరి పేరుతో, సంతకంతో ఉత్తరం వెళ్లాలి. తొలిసారి ఇచ్చినవాళ్లకు కార్యవర్గ సభ్యులెవరైనా రెండు నిమిషాలు ఫోన్ చేయాలి. ఆ ఫోన్‌లో డబ్బు ఊసెత్తకూడదు.

ఉత్తరంలో ఏం రాస్తారన్నది ఇంకా ముఖ్యం. ‘మీ అమూల్యమైన సహకారానికి హృదయపూర్వక ధన్యవాదాలు’ అని ఎవరైనా రాయగలరు, చదివినవారి మనసులో అది నిలవదు. దాని బదులు ఇలా రాయండి: ‘మీరు పంపిన డబ్బుతో మూడో తరగతి పిల్లలకు కథల పుస్తకాలు కొన్నాం. జూన్‌లో అక్షరాలు కూడబలుక్కుంటున్న పదకొండు మంది ఇప్పుడు ఒక పేరా ఆగకుండా చదువుతున్నారు.’ ఏం కొన్నారో, ఎవరికి చేరిందో, ఏం మారిందో ఆ రెండు వాక్యాల్లోనే ఉంది. ఇలాంటి కబురు కనీసం ఒకటి అందాకే రెండోసారి అడగాలి.

దాతల జాబితాను తొలిసారి ఇచ్చినవారు, మళ్లీ మళ్లీ ఇస్తున్నవారు, ఆగిపోయినవారు అని మూడుగా విడదీయండి. అయిదేళ్లుగా ఇస్తున్న మనిషికి ‘మా సంస్థను పరిచయం చేసుకుంటున్నాం’ అని ఉత్తరం వెళ్తే, తనను మీరు గుర్తుపెట్టుకోలేదని ఆయనకు తెలిసిపోతుంది.

రెండోసారి ఇచ్చినవారిని నెలనెలా ఇచ్చే పద్ధతిలోకి రమ్మని అడగొచ్చు. ఇక్కడ చాలామంది పట్టించుకోనిది ఒకటుంది. దాత ఆపేయకపోయినా కార్డు గడువు తీరడంవల్లో, ఖాతా మారడంవల్లో చెల్లింపు ఆగిపోతుంది. ప్రతి నెలా విఫలమైన చెల్లింపుల జాబితా తీసి, వారంలోగా ఫోన్ చేసే బాధ్యత ఒకరికి అప్పగించండి. రెండు మూడు నెలలు గడిస్తే ఆ దాతను తిరిగి రప్పించడం కష్టం.

ప్రశ్న: గ్రంథాలయానికి సొంత భవనం కట్టాలనుకుంటున్నాం. వెయ్యి మంది దగ్గర సమానంగా వసూలు చేద్దామని కార్యవర్గం అంటోంది. కుదురుతుందా?

జవాబు: లెక్క కాగితం మీద బాగుంటుంది, ఆచరణలో తేలిపోతుంది. అందరికీ ఒకే మొత్తం చెబితే ఎక్కువ ఇవ్వగలిగినవారు కూడా అంతే ఇచ్చి ఊరుకుంటారు, ఇవ్వలేనివారు మొత్తానికే తప్పుకుంటారు. భవన నిధుల్లో సగానికి పైగా కొద్దిమంది పెద్ద దాతల నుంచే వస్తుంది. లక్ష్యాన్ని 100 భాగాలు అనుకుని పట్టిక వేయండి: 20 భాగాలు ఇచ్చే దాత ఒకరు, 10 చొప్పున ఇద్దరు, 5 చొప్పున నలుగురు, రెండున్నర చొప్పున ఎనిమిది మంది. పదిహేను మందితో 80 భాగాలు పూర్తవుతాయి. మిగిలిన 20 మాత్రమే అందరి చిన్న విరాళాలతో నిండాలి.

అడిగిన ప్రతివారూ ఇవ్వరు. ఒక్కో పెద్ద విరాళానికి అడగదగిన ముగ్గురు నలుగురి పేర్లుండాలి. అంటే పదిహేను విరాళాలకు 45 నుంచి 60 పేర్లు రాయగలగాలి. అన్ని పేర్లు దొరక్కపోతే లక్ష్యం పెద్దదైందనో, పరిచయాలు పెంచుకోవడానికి ఇంకా సమయం కావాలనో అర్థం. ఆ సంగతి శంకుస్థాపనకు ముందే తెలియడం మేలు.

బహిరంగ ప్రకటనకు తొందరపడొద్దు. సగం నుంచి 70 శాతం దాకా హామీలు వచ్చేవరకు ఒక్కొక్కరినీ స్వయంగా కలిసి అడగండి. మొదటి విరాళాలు కార్యవర్గ సభ్యులవే కావాలి. ముందే కొంత సమకూరిందని తెలిస్తే జనం ఎక్కువ ఇస్తారని ఆర్థికవేత్తలు జాన్ లిస్ట్, డేవిడ్ లకింగ్-రైలీ 2002లో ప్రచురించిన ప్రయోగం చూపింది. ముందస్తు నిధిని లక్ష్యంలో 10 శాతం నుంచి 67 శాతానికి పెంచి చెబితే విరాళాలు దాదాపు ఆరు రెట్లయ్యాయి.

ప్రశ్న: ‘మీరు ఒకటి ఇస్తే మరో దాత మూడు కలుపుతారు’ అంటే ఎక్కువ వస్తుందా?

జవాబు: ఒకటికి ఒకటి చాలు. ఆర్థికవేత్తలు డీన్ కార్లన్, జాన్ లిస్ట్ 2007లో వెలువరించిన పెద్ద ప్రయోగంలో జతకలిపే దాత ఉన్నారని చెప్పినప్పుడు పంపిన ఉత్తరానికి వచ్చే రాబడి 19 శాతం పెరిగింది. ఒకటికి రెండో మూడో కలుపుతామన్నా అదనపు లాభం కనిపించలేదు. ఒక్క షరతు: జనం ఇవ్వకపోతే ఆ పెద్ద దాత నిజంగానే ఇవ్వకూడదు. ఎలాగూ ఇచ్చే డబ్బును జత విరాళమని చెప్పడం దాతను మోసగించడమే. అలాంటప్పుడు ‘ఫలానా వారు ఇప్పటికే ఇంత ఇచ్చారు’ అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. అదీ పనిచేస్తుందని పై జవాబులో చూశారు కదా.

ప్రశ్న: మా పెద్ద దాత పుస్తకాలకు, పరికరాలకు మాత్రమే ఇస్తానంటున్నారు. జీతాలకు, అద్దెకు డబ్బెక్కడిది?

జవాబు: చాలా సంస్థలు ఇక్కడే కూలబడతాయి. పుస్తకాలుంటాయి, పాఠం చెప్పే మనిషి ఉండడు. తప్పు సగం మన ప్రతిపాదనలోనే జరుగుతుంది. దాతకు నచ్చాలని అసలు ఖర్చు దాచి రాస్తాం, మరుసటి ఏడాది ఆయన దాన్నే కొలతగా పెట్టుకుంటారు.

పూర్తి ఖర్చు లెక్క ఇలా వేయండి. పుస్తకాలు, పరికరాలు, ఆ పనిలోనే ఉండేవారి జీతాలు ముందు రాయండి. ఆ తర్వాత మీ సిబ్బంది సమయంలో ఈ ప్రాజెక్టుకు ఎంత పోతుందో చూడండి. నాలుగో వంతు పోతుంటే అద్దె, కరెంటు, లెక్కలు, ఆడిట్ ఖర్చుల్లోనూ నాలుగో వంతు ఈ ప్రాజెక్టుదే. ‘ఇతర ఖర్చులు’ అని ఒకే అంకె వేస్తే దాత దాన్నే కొట్టేస్తారు. ‘పర్యవేక్షణ’, ‘లెక్కల నిర్వహణ, ఆడిట్’ అని విడివిడిగా, ఎందుకో ఒక్కో వాక్యంతో చూపండి. అప్పటికీ ఒప్పుకోకపోతే మిగతాది ఎక్కడినుంచి తెస్తారో తేలేదాకా ఆ డబ్బు తీసుకోకండి.

ఫలానా పనికే అని వచ్చిన డబ్బును, నెలాఖరుకు ఇబ్బందిగా ఉందని, మళ్లీ సర్దేద్దామని జీతాలకు వాడకండి. ఆడిట్‌లో బయటపడేది, దాతల నమ్మకం పోగొట్టేది ఇదే. అలాంటి విరాళాలకు పద్దు వేరుగా రాయాలి. ఏ షరతూ లేని చిన్న విరాళాలను, ముఖ్యంగా నెలవారీ విరాళాలను, మూడు నుంచి ఆరు నెలల ఖర్చుకు సరిపడా నిల్వ అయ్యేవరకు కొంచెం కొంచెంగా పక్కన పెట్టండి.

ప్రశ్న: విజ్ఞప్తిలో అంకెలు రాయాలా, ఒక పిల్ల కథ రాయాలా?

జవాబు: ఒక్కరి కథ. 2007లో పరిశోధకులు డెబొరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టైన్, పాల్ స్లోవిక్ ప్రచురించిన ప్రయోగంలో లక్షలమంది ఆకలి గురించిన అంకెల కన్నా ఒక్క బాలిక గురించి చెప్పినప్పుడు విరాళాలు ఎక్కువొచ్చాయి. ఆ కథకే అంకెలు జోడిస్తే మళ్లీ తగ్గాయి. అంకెలను వార్షిక నివేదికకు ఉంచండి. అయితే పిల్ల పేరు మార్చండి, ఊరు చెప్పకండి. ఫొటో వాడాలంటే తల్లిదండ్రులకు అది ఎక్కడెక్కడ కనిపిస్తుందో వివరించి, రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. వాళ్లు తర్వాత వద్దంటే ఆ రోజే తీసేయాలి.