నీళ్ల రాకెట్ పారాచూట్ లేవగానే ఎందుకు తెరుచుకుంటోంది?

గాలి ఒత్తిడి తగ్గితే ఎత్తు పెరిగిందని లెక్కేసే సెన్సర్ తప్పు కాదు తమ్ముడూ, సెన్సర్ గదికి గాలి రంధ్రాలు లేకపోవడమే. నేల మీద పదిసార్లు సరిగ్గా తెరుచుకున్నది జడ్చర్ల చేన్లో ఎగరగానే తెరుచుకుందంటే, రాకెట్ ముక్కు అతుకు దగ్గర సందులోంచి, బయట వేగంగా పోయే గాలి లోపలి ఒత్తిడిని లాగేస్తోంది. దాంతో సెన్సర్ ఉన్న ఎత్తు కంటే ఎక్కువ చూపిస్తుంది, నీళ్లు అయిపోయి వేగం తగ్గగానే ఒత్తిడి మళ్లీ పెరుగుతుంది, నీ కోడ్ అదే కిందికి రావడం అనుకుంటుంది. ఒత్తిడిలో 1 హెక్టాపాస్కల్ (ఒత్తిడి కొలమానం) తేడా అంటే ఎత్తులో దాదాపు 9 మీటర్లు, కాబట్టి కొంచెం లాగినా చాలు.

1. ముక్కు అతుకుకి చుట్టూ టేప్ వెయ్యి.
2. దానికి బాగా కింద, తిన్నగా ఉన్న గొట్టం మీద, చుట్టూ ఒకే ఎత్తులో సమాన దూరంలో 3 చిన్న రంధ్రాలు పెట్టు. ఒక్కటే పెడితే పక్కగాలికి మోసపోతుంది.
3. అందరూ వదిలేసేది ఇదే: రాకెట్ మొత్తం బిగించాక రెండు రంధ్రాలు మూసి, మూడోదానికి పెద్ద సిరంజి పెట్టి మెల్లగా లాగు. లాగేటప్పుడు సర్వో (పారాచూట్ తెరిచే చిన్న మోటారు) కదలకూడదు, వదిలేటప్పుడు తెరుచుకోవాలి. తర్వాత రంధ్రాలన్నీ తెరిచి అతుకు మీద హెయిర్ డ్రయ్యర్ గాలి కొట్టు, అప్పుడు కదిలితే టేప్ చాల్లేదు. (బల్ల మీద విప్పి పెట్టి చేసిన టెస్టు లెక్కలోకి రాదు, నేనూ అలాగే రెండు రాకెట్లు పోగొట్టుకున్నా.)
4. కోడ్‌లో ఎత్తు వరుసగా 5 రీడింగుల్లో తగ్గితేనే తెరవమను.

మళ్లీ ఒకేసారి ఫుల్ ప్రెషర్ పెట్టకు. స్పేస్‌ఎక్స్ వాళ్ల టెస్టు రాకెట్ గ్రాస్‌హాపర్ కూడా 2012లో మొదటిసారి 2 మీటర్లలోపే లేచింది, 744 మీటర్లు 2013 అక్టోబరులో.