కాంట్రాక్ట్ గడువు ముగుస్తుంటే నోటీసు ఇవ్వాలా? ‘రిజైన్’ నొక్కేముందు ఇవి చూడండి

ప్రశ్న: మా అమ్మాయి గచ్చిబౌలిలో ఒక ఐటీ కంపెనీలో టెస్టింగ్ పని చేస్తోంది. జీతం వేసేది మాత్రం వేరే పేరోల్ కంపెనీ. కాంట్రాక్ట్ 2025 మే 1 నుంచి 2026 మార్చి 31 వరకు. ఇప్పుడు ఇంకోచోట పర్మినెంట్ ఉద్యోగం వచ్చింది, ఏప్రిల్ 6న చేరాలి. 30 రోజుల నోటీసు ఇవ్వకపోతే రిలీవింగ్ లెటర్ (ఉద్యోగం నుంచి విడుదల చేసినట్టు ఇచ్చే పత్రం) రాదని హెచ్ఆర్ అంటున్నారు. ఎలాగూ గడువు అయిపోతున్న కాంట్రాక్ట్‌కు కూడా నోటీసు ఇవ్వాలా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: కాగితంలో ముగింపు తేదీ స్పష్టంగా ఉండి, మీ అమ్మాయి ఆ రోజు దాకా పనిచేస్తే నోటీసు అక్కర్లేదండీ. ఒప్పుకున్న కాలం పూర్తవగానే కాంట్రాక్ట్ దానంతటదే ముగుస్తుంది. లెటర్‌లో ఉండే 30 రోజుల నోటీసు షరతు సాధారణంగా గడువుకు ముందే వెళ్లిపోయేవారి కోసం రాసినది. కొత్త కంపెనీ తొందరపెట్టి మార్చి 23నే చేరమంటే అప్పుడది వర్తిస్తుంది. తక్కువైన రోజులకు డబ్బు కట్టాల్సి రావచ్చు. ఏప్రిల్ 6 అంటున్నారు కాబట్టి మీకు ఆ చిక్కు లేదు.

అసలు చిక్కు ఎక్కడ వస్తుందంటే, చాలా పేరోల్ కంపెనీల పోర్టల్‌లో బయటికి వెళ్లడానికి ‘రిజైన్’ బటన్ ఒక్కటే ఉంటుంది. మార్చి 16న అది నొక్కారనుకోండి. సిస్టమ్ 30 రోజులు లెక్కగట్టి చివరి పనిదినం ఏప్రిల్ 15 అని చూపిస్తుంది. మార్చి 31కే ఆపేస్తే 15 రోజులు తక్కువ పడ్డట్టు రాసుకుంటుంది. నెలకు 42,000 రూపాయల జీతమైతే రోజుకు 1,400 చొప్పున 21,000 ఫైనల్ సెటిల్‌మెంట్‌లో కోత పడుతుంది. పైగా గడువు పూర్తిచేసిన మనిషి రికార్డులో రాజీనామా చేసినట్టు మిగులుతుంది. అందుకే ఆ బటన్ జోలికి వెళ్లొద్దని గట్టిగా చెబుతున్నాను.

చట్టం కూడా ఈ తేడాను గుర్తిస్తుంది. గడువు ముగిసి కాంట్రాక్ట్ పొడిగించకపోతే అది రిట్రెంచ్‌మెంట్ (యజమాని ఉద్యోగిని తొలగించడం) కిందకు రాదని పారిశ్రామిక వివాదాల చట్టంలో 1984లోనే చేర్చారు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ అదే ఉంది. అంటే గడువు తీరాక కంపెనీ ఆమెకు నోటీసు గానీ, నోటీసు జీతం గానీ బాకీ పడదు. మరి అదే గడువుకు ఆమె నుంచి మాత్రం నోటీసు అడగాలంటే, అలా అని కాంట్రాక్ట్‌లో విడిగా రాసి ఉండాలి.

కాబట్టి ఈ రాత్రికే ఆ లెటర్ తీసి చదవండి. మొదట చూడాల్సింది ఆటోమేటిక్ రెన్యువల్ షరతు. ‘ఇరువైపులా ఎవరూ ఇన్ని రోజుల ముందు కాదనకపోతే మరో కాలానికి పొడిగించినట్టే’ అన్న అర్థం వచ్చే వాక్యం ఉంటే, ‘కొనసాగడం లేదు’ అని ఆ గడువులోపు రాసి ఇవ్వాల్సిందే. ఆ తేదీ ఇప్పటికే దాటిపోయి ఉంటే 30 రోజుల మాటకు బలం వస్తుంది. అప్పుడు కొత్త కంపెనీని చేరే తేదీ జరపమని అడగడమో, మిగిలిన రోజులకు బయౌట్ (నోటీసు బదులు డబ్బు కట్టడం) మాట్లాడుకోవడమో మేలు. రెండోది, తేదీ బదులు ‘ప్రాజెక్టు పూర్తయ్యే వరకు’ అని ఉందేమో చూడండి. అలా ఉంటే ముగింపు రోజు మన చేతిలో ఉండదు కాబట్టి నోటీసు ఇవ్వడమే క్షేమం. మధ్యలో వచ్చిన ఎక్స్‌టెన్షన్ మెయిల్స్ కూడా వెతకండి. పొడిగింపుకు ఒక్క ముక్కలో ‘ఓకే’ అని జవాబిచ్చినా ముగింపు తేదీ మారిపోయి ఉండొచ్చు.

ఇవేవీ లేకపోతే నోటీసు బదులు సమాచారం ఇస్తే చాలు. మెయిల్ పేరోల్ కంపెనీ హెచ్ఆర్‌కు వెళ్లాలి, ఎందుకంటే ఆమె యజమాని వాళ్లే. పనిచేయించుకునే కంపెనీ మేనేజర్‌ను సీసీలో పెట్టాలి. విషయం ఇంతే: ‘ఫలానా తేదీ లెటర్ ప్రకారం నా కాంట్రాక్ట్ 2026 మార్చి 31న పూర్తవుతోంది. పొడిగింపు కోరుకోవడం లేదు. నా చివరి పనిదినం మార్చి 31. లాప్‌టాప్ అప్పగింత, ఫైనల్ సెటిల్‌మెంట్, కాంట్రాక్ట్ పూర్తిచేసిన లెటర్ గురించి తెలపగలరు.’ రాజీనామా, నోటీసు అన్న మాటలు ఎక్కడా రాకూడదు. అయినా 30 రోజులే అంటే, ఏ క్లాజ్ కింద అడుగుతున్నారో నంబర్‌తో సహా మెయిల్‌లో చెప్పమనండి. ఫోన్‌లో ఎంత గట్టిగా అన్నా, కాగితం మీద పెట్టాల్సి వచ్చేసరికి చాలామంది తగ్గుతారు. కోత పెడితే కార్మిక శాఖ సహాయ కమిషనర్ కార్యాలయంలో ఫిర్యాదు చేయొచ్చు.

రిలీవింగ్ లెటర్ ఆలస్యమైనా కంగారు పడకండి. కాంట్రాక్ట్ లెటర్, పే స్లిప్పులు, జీతం పడిన బ్యాంక్ స్టేట్‌మెంట్, ఈ మెయిల్ కలిపి కొత్త కంపెనీ హెచ్ఆర్‌కు ముందే పంపి పరిస్థితి చెబితే చాలాచోట్ల సర్దుకుంటారు.

పీఎఫ్ సంగతి మాత్రం మరిచిపోవద్దు. పాత కంపెనీ ఎగ్జిట్ తేదీ వేయకపోతే, యూఏఎన్ (పీఎఫ్ సభ్యుల శాశ్వత నంబర్) సర్వీస్ హిస్టరీలో ఒకేసారి రెండు ఉద్యోగాలు చేస్తున్నట్టు కనిపించి వెరిఫికేషన్‌లో ప్రశ్నలొస్తాయి. వాళ్లు వేయకుంటే, చివరి పీఎఫ్ జమ అయిన రెండు నెలల తర్వాత మెంబర్ పోర్టల్‌లో ‘మేనేజ్’ కింద ‘మార్క్ ఎగ్జిట్’ ద్వారా ఆమే వేసుకోవచ్చు. పాత డబ్బు తీసేయకుండా కొత్త ఖాతాకు బదిలీ చేయించండి. అయిదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది.

గ్రాట్యుటీ గురించి కూడా మీకు సందేహం రావచ్చు. కొత్త సామాజిక భద్రత కోడ్ ప్రకారం ఫిక్స్‌డ్ టర్మ్ (నిర్ణీత కాలానికి తీసుకున్న) ఉద్యోగులకు అయిదేళ్లు ఆగక్కర్లేదు, ఏడాది సర్వీసు చాలు. మీ అమ్మాయిది 11 నెలలే కాబట్టి ఈ కాంట్రాక్ట్‌తో అది రాదు. 2025 మే కంటే ముందు ఇదే పేరోల్ కంపెనీలో చేసి ఉంటే ఆ పాత లెటర్ కూడా తీసి అడగండి.

మార్చి 31 సాయంత్రానికి లాగిన్ ఆగిపోతుంది. ఆలోపే పదకొండు నెలల పే స్లిప్పులు దించుకుని, హెచ్ఆర్‌తో నడిచిన మెయిల్స్‌ను పీడీఎఫ్‌గా సొంత మెయిల్‌కు పంపుకోమనండి. ఆఫీసు ఫైళ్లు మాత్రం ఒక్కటీ పంపుకోకూడదు. లాప్‌టాప్, ఛార్జర్, ఐడీ కార్డు ఇచ్చేటప్పుడు సీరియల్ నంబర్ రాసి ఉన్న రసీదు తీసుకోవాలి.